మెట్ల మీద పసుపు బొట్లు

పొద్దున లేస్తూనే పోచవ్వ బీడీలు చుట్టే చాట ముట్టేది కాదు. ముందు బాయి దిగేది. నీళ్లంచున ఉన్న మెట్టుకు పసుపు బొట్టు పెట్టి, దండం పెట్టుకుని ఎక్కివచ్చేది. వేల్పూర్ దారిలో ఆమెకు, మరిది భూపతికి, పక్క చేన్ల గంగాకిషన్‌కు, నారాయణకు పొత్తుల బాయి అది. తవ్వించింది ఆమె మామ ముత్తెన్న. మోటరుకు కరెంటు అందించే ఫీజులు మూడూ పోచవ్వ ఇంట్లో మేకుకు వేలాడేవి. వంతు ఎవరిదైతే వాళ్లు ఆమె చేతినుంచే తీసుకోవాలి. పెనిమిటి దుబాయిలో ఉన్నా ఆ పెత్తనం ఆమెకే ఇచ్చారంటే, ఆమె మాట మీద అంత గురి.

1987 చలికాలంలో ముత్తెన్న పోయాడు. మూడు రోజుల దాకా మోటరు పెట్టొద్దనుకున్నారు. ఊట ఊరి నీళ్లు పైకి రావాలి. రాలేదు. మొదటినాటి బొట్టు పొడి మెట్టు మీద మిగిలిపోయింది. రెండోనాటిది దాని కింద. మూడోనాడు ఇంకో మెట్టు దిగి పెట్టాల్సి వచ్చింది. పసుపు తవ్వకానికి ఇంకా నెలన్నర ఉంది. నీళ్లు లేకుంటే కొమ్ము ఊరదు.

గంగాకిషన్ వాకిట్లోకి వచ్చాడు.

"ఫీజులెవ్వలకిచ్చినవ్ పోచవ్వా?"

"ఎవ్వలకియ్యలె. గో, మేకుకే ఉన్నయ్."

"మరి నీళ్లకు రెక్కలొచ్చినయా? మామ సచ్చి మూడొద్దులన్న కాకముందే మడి పారిచ్చుకున్నవ్. మస్తు ధైర్నం నీది!"

పోచవ్వ చేన్లకు పోయింది. గట్లన్నీ తిరిగింది. అందరి పసుపూ ఆకు వాడి ఉంది. భూపతి మక్కజొన్న చేను ఒక్కటే నల్లగా నిగనిగలాడుతోంది. నడిచేనులో కాలికి బురద తగిలింది. అక్కడ జొన్నసొప్ప కింద ఇనుప పైపు. చెయ్యి పెడితే చల్లగా, లోలోపల అదురుతోంది. ఎండకాలంలో వేయించిన బోరు. నీళ్లు పడలేదు, పూడ్చేసిన అని భూపతి ఊరందరికీ చెప్పింది దీని గురించే. బాయి ఊటను గుంజుతున్నది ఇదే.

వెనక మక్కాకు చప్పుడైంది. భూపతి.

"వదినె, జర ఎవ్వలకు చెప్పకు. నీ మడికి గూడ ఒక పైపిస్త."

"మీ నాయిన పాడె మోసొచ్చి స్విచ్ ఏసినవా రా?"

భూపతి తల దించుకున్నాడు. "చేను ఎండిపోతదని బుగులైంది."

ఒక్క క్షణం ఆమె తన పసుపు మడిని తలుచుకుంది. తర్వాత పోయి గంగాకిషన్‌ను, నారాయణను పిలుచుకొచ్చి, సొప్ప తీసి చూపించింది. ఆమె దొంగ కాదని ఒప్పుకున్నారు. బోరు బంద్ పెట్టమని మాత్రం ఎవరూ అనలేదు. గంగాకిషన్ పైపు దగ్గర గొంతుక్కూర్చుని ఒకటే అడిగాడు.

"ఎన్ని ఫీట్లకు పడ్డయ్ భూపతీ?"

పది రోజులకు బోరు బండి గంగాకిషన్ చేలోకి వచ్చింది. మరో వారానికి నారాయణ చేలోకి. పోచవ్వ బొట్టు మెట్టు మెట్టూ దిగి, చివరికి పెట్టడానికి బురదే మిగిలింది. ఫీజులకు మళ్లీ ఎవరూ రాలేదు. ఆ ఏడు ఆమె పసుపు ఊరలేదు.

ఇప్పుడు ఆ మడి బీడు. పోచవ్వ ఆర్మూర్ మార్కెట్ యార్డులో కూలికి పసుపు కొమ్ములు ఏరుతుంది.