కంటిన్యుటీ పుస్తకంలో మా పాప నిద్ర

ఐటీ ఉద్యోగం వచ్చిన ఉత్సాహంలో ఫిల్మ్‌నగర్‌లో రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. మా ఆరేళ్ల పాపకు కుదురు నిలవనివ్వని ఏడీహెచ్‌డీ ఉందని అప్పుడే తేలింది. పడుకోబెడితే నిద్ర పట్టదు, కోపం వస్తే ఓ పట్టాన దిగదు. తోటి పిల్లల్ని ఇంకోసారి కొడితే టీసీ ఇచ్చేస్తామని బడివాళ్లు చెప్పేశారు.

ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు కోపం తెచ్చుకుంది, రోజూ రాసుకురమ్మన్నారు డాక్టరుగారు. నేనూ మా ఆవిడా రెండు రోజులు రాసి మానేశాం.

"నేను రాస్త తియ్ తమ్మీ, నా పనే గది" అంది పక్క పోర్షన్ అక్క. ఆమె సినిమాలకు కాస్ట్యూమ్స్ చూసేది. ఏ సీన్లో హీరోయిన్‌ది ఏ జాకెట్టు, చేతికి ఎన్ని గాజులు, మర్నాటి షూటింగులో తేడా రాకుండా అన్నీ కంటిన్యుటీ పుస్తకంలో రాసుకునేది. ఆ నెల ఆమెకు షూటింగులు లేవు.

మూడు వారాల తర్వాత పుస్తకం నా చేతిలో పెట్టింది. చాలా పేజీల్లో ఒకటే సంగతి. "నాయిన తొమ్మిదిన్నరకు వచ్చిండు. హారన్ కొట్టిండు. పాప లేచింది. ఎగరేసి ఆడిచ్చిండు. పదకొండు దాటినంక పండింది. తెల్లారి గ్లాసు ఇసిరింది." ఆదివారాలు మాత్రం వేరు. "నాయిన ఇంట్లనే ఉండె. తొమ్మిదింటికే పండింది. తెల్లారి మంచిగున్నది."

నాకు ఒళ్లు మండింది. రోజంతా కంప్యూటర్ ముందు చచ్చి వచ్చేవాడికి ఆ నవ్వొక్కటే కదా మిగిలేది!

"నా కూతుర్ని నవ్వించడం కూడా తప్పేనా అక్కా?"

"తప్పని నేను రాయలే తమ్మీ. అయింది రాసిన."

డాక్టరుగారు పుస్తకం చూసి, ఆటలు పొద్దున పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను, ఏడుపు ముఖంతోనే. పుస్తకం మళ్లీ అక్క చేతికే వెళ్లింది, ఆమె రాయడం ఆపలేదు. పాప కోపం రాత్రికి రాత్రి పోలేదు. ఇంకో రెండు గ్లాసులు సొట్టపోయాయి. కానీ ఒక ఉదయం బూటు విసరబోయి ఆగింది. "నాన్నా, రాత్రి నిద్ర పట్టలేదు. ఇవాళ నన్ను తొందరపెట్టకు" అంది. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి మరీ ఏడ్చాను. టీసీ మాట మళ్లీ రాలేదు.

తర్వాత అక్క యూసుఫ్‌గూడకు మారిపోతూ ఆ పుస్తకం నాకే ఇచ్చేసింది. నేను ఎవరికైనా దండం పెట్టాలంటే ముందు ఆమెకే పెడతాను. ఎవరూ చూడలేదని నేననుకున్న ఒక రోజు, అందులో చివరి పేజీలో ఉంది.

"నాయిన బండి గల్లీ మొదట్లనే బంద్ చేసి నెట్టుకుంట వచ్చిండు. కిటికీలకెళ్లి పాపను చూసి, బయట మెట్ల మీదనే కూసున్నడు. పాప లేవలే."