ఐసుముక్క కరిగేదాకా

కాకినాడ ఆసుపత్రిలో డయాలసిస్ గదిలో మా మంచాలు మూడూ పక్కపక్కనే. కిటికీ దగ్గర కోనసీమ పంతులుగారు, నడుమ నేను, తలుపు వైపు ఉప్పాడలో చేపల వ్యాపారం చేసిన ఒక పెద్దావిడ. వారానికి మూడుసార్లు మెషిన్లు మా రక్తాన్ని శుభ్రం చేస్తుంటే పడుకుని ఉంటాం. నేను మండపేట రైసుమిల్లులో సూపర్‌వైజర్‌గా చేశాను కాబట్టి ఆవిడ నన్ను మిల్లుగారు అంటుంది.

మా జబ్బులో సూదుల కంటే దాహం పెద్ద బాధ. ఊరి చుట్టూ కాలువలు పారుతుంటాయి. మేం మాత్రం, తాగిందంతా ఒంట్లోనే నిలిచిపోతుంది కాబట్టి, నీళ్లు కొలుచుకుని తాగాలి. ఒకప్పుడు ఒక కౌన్సెలర్ అమ్మాయి వచ్చి, బాధను తరిమేయాలని చూడకుండా అది ఎక్కడుంది, ఎలా ఉంది అని నిదానంగా గమనించడం నేర్పింది. ఆ అమ్మాయి రావడం మానేసినా మేం మానలేదు. పెద్దావిడ ఫ్లాస్కులో ఐసు తెచ్చేది. డాక్టరుగారి అనుమతితో తలా ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవాళ్లం. కరిగేదాకా మాట్లాడకూడదు, నమలకూడదు.

నేను వేసుకున్న వెంటనే కరకర నమిలేసేవాణ్ణి. ఇంట్లో వేసుకున్నా అంతే.

"ఐసుముక్క పారిపోద్దా ఏంటండీ మిల్లుగారూ, అలా నమిలేత్తన్నారు?" అనేది ఆవిడ, కళ్లు తెరవకుండానే. పంతులుగారు నవ్వాపుకోలేక తన ముక్క మింగేసేవారు.

నా తొందర ఐసుతో ఆగలేదు. మొన్న వేసవిలో ఒక పెళ్లిలో ఆవకాయ అన్నం తిని, చల్లటి మజ్జిగ గ్లాసు మీద గ్లాసు తాగేశాను. మర్నాడు బరువు చూసిన నర్సు ఇంతెలా పెరిగారని నిలదీసింది. ఇంట్లో పులుసుల్లో ఉప్పు ఎక్కువై దాహం ఆగట్లేదన్నాను. ఆమె బయట బెంచీ మీదున్న మా ఆవిడని పిలిచి, ఆయన ప్రాణం మీ చేతుల్లో ఉంటే ఉప్పు చూసుకోవద్దా అని మందలించింది. నా కోసం చప్పిడి వంట చేసి, తనూ అదే తినే మనిషి. నా వైపు ఒక్కసారి చూసి, "అలాగేనండి" అని వెళ్లిపోయింది. నేను సూదికి చెయ్యి చాపాను.

ఆ రోజు ఒంట్లోంచి మామూలు కంటే ఎక్కువ నీరు తీయాల్సి వచ్చింది. మధ్యలో పిక్కలు పట్టేశాయి. నర్సు వచ్చి మెషిన్ సరిచేస్తుండగా నేను అరుస్తూనే ఉన్నాను. పక్క మంచం మీంచి పెద్దావిడ, నొప్పి పైకి పాకుతోందా ఉన్నచోటే ఉందా చెప్పమంది. పంతులుగారు ఊపిరి వినబడేలా తీస్తూ, తనతో పాటు తీయమన్నారు. చూస్తూ చెబుతూ ఉంటే నొప్పి పెరిగి, కాసేపు నిలిచి, మెల్లగా సడలింది. అది పోయాక కూడా లోపల ఇంకేదో పట్టేసినట్టే ఉంది.

"ఉప్పు కాదండి. నేనే మజ్జిగ తాగాను," అన్నాను.

"మాకు చెప్తే ఏం లాభమండీ?" అంది పెద్దావిడ. "తిట్లు తిన్నావిడ బయట కూర్చునుంది."

తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో మా ఆవిడకి చెప్పాను. ఆమె కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"పెళ్లికి నేనూ వచ్చానుగా. చూశాను."

"మరి నర్సుకి చెప్పలేదేం?"

"మీరు చెప్తారేమోనని చూశాను."

తర్వాతి వారం ఆమెను పక్కన నిలబెట్టుకుని నర్సుకి ఉన్నది చెప్పాను. నర్సు నన్ను బాగానే చీవాట్లు పెట్టింది. విచిత్రంగా, మనసు తేలికైంది.

ఇంకొకటి మిగిలింది. జబ్బు వచ్చినప్పటి నుంచీ మా ఆవిడ నా ఎదుట నీళ్లు తాగదు. వంటింటి తలుపు చాటుకి వెళ్లి తాగుతుంది. అది తెలిసీ తెలియనట్టే ఉన్నాను. ఆ సాయంత్రం, ఇక్కడే కూర్చుని తాగమని అడిగాను. ఆమె సందేహిస్తూనే గ్లాసు తెచ్చుకుంది. నేను ఒక ఐసుముక్క నోట్లో వేసుకున్నాను. ఆమె తాగుతుంటే నా గొంతులో దాహం లేచింది. చల్లదనం నాలుక మీంచి జారుతోంది. రెండింటినీ చూస్తూ కూర్చున్నాను.

ఆమె ఖాళీ గ్లాసు కింద పెట్టి, "నమిలేశారా?" అని నవ్వింది.

తల అడ్డంగా ఊపాను. ముక్క ఇంకా కరగలేదు.