మగ్గం ఆగిన వారం

2022 వానాకాలం. గద్వాలలో ఒక చిన్న దవాఖాన మందుల కౌంటర్లో నేను ఫార్మసిస్టుగా చేరి అప్పటికి పదకొండేళ్లు. చీటీ చూసి మందివ్వడం, ఎలా వేసుకోవాలో చెప్పడం నా పని.

పద్మమ్మ చీరలు నేసే మనిషి. నలభై కూడా దాటలేదు. ఆమెకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే కీళ్ల మీద పడే జబ్బు. రోజుకొక చిన్న స్టెరాయిడ్ గోలీ వాడాలి. అయినా నెలన్నరకోసారి వేళ్లు వాచి వచ్చేది. ఆ రోజు డోసు పెంచాలని డాక్టరు గారు చెప్పారట. కౌంటరు దగ్గరికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఖాజన్నా, చేతులు వంకర పోతే మగ్గం ఎట్ల ఎక్కుత? నాకింకో పని తెల్వదు."

ఆమె సంచిలో పాత గోలీలు ఎనిమిది కనబడ్డాయి. నాకు ఒళ్లు మండింది.

"ఇవెట్ల మిగిలినయక్కా?"

"అచ్చు ఒడిసినంక వారం మగ్గం ఆగుతది గదా. పని లేని దినాలు గోలి ఎందుకని ఏస్కోను."

అచ్చు అంటే మూడు చీరలకు సరిపడే నిలువు పోగులు. అది అయిపోయాక కొత్తది వచ్చేదాకా మగ్గం ఖాళీ. వచ్చాక కొత్త పోగులను పాతవాటి కొసలకు వేళ్లతో ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. సరిగ్గా అప్పుడే వేళ్లు వాచేవి. అతుకుడు పని వల్లే వాపని ఆమె నమ్మకం.

అసలు సంగతి వేరు. సైటోకైన్లు అనేవి వాపు కబురు మోసే ప్రోటీన్లు. వాటిని తయారుచేసే జీన్లు రక్షణ కణంలో మామూలుగా ఊరికే ఉంటాయి. ప్రమాదమని తెలిస్తే ఎన్ఎఫ్-కాపా-బి అనే ప్రోటీను కణం నడిగదిలోకి, అంటే కేంద్రకంలోకి వెళ్లి వాటిని ఆన్ చేస్తుంది. పద్మమ్మ ఒంట్లో ఏ ప్రమాదం లేకపోయినా అది జరుగుతోంది. స్టెరాయిడ్ కూడా ఆ గదిలోకే వెళ్లి దానికి అడ్డుపడుతుంది.

ఇదంతా ఆమెకెలా చెప్పాలి? చీరలో బొమ్మలు తేల్చే వాళ్ల జకార్డు గుర్తొచ్చింది. మగ్గం మీద అట్టలు తిరుగుతుంటాయి, అట్టలో తూటు ఉన్నచోటే పోగు లేస్తుంది.

"గోలి ఏస్తే ఆ తూటు మూస్కుంటదక్కా. వాపు పోగు లేవదు."

"మానేస్తే మల్ల తెరుస్కుంటదా?"

"తెరుస్కుంటది."

ఆమె తన వేళ్లకేసి చూసుకుంది. "నా మగ్గం ఆగినా ఆ మగ్గం ఆగదన్నట్టు! ఇన్ని దినాలు నేనే తెరిసి పెడ్తున్ననా?" అని ఏడుపులోనే నవ్వేసింది.

స్టెరాయిడ్ ఉన్నట్టుండి మానేయడం ప్రమాదమని చెప్పి, మళ్లీ డాక్టరు గారి దగ్గరికి పంపాను. సంగతి విన్నాక ఆయన డోసు పెంచలేదు.

రెండు నెలలకు వచ్చింది. వేళ్లలో వాపు లేదు. "అచ్చు మొత్తం నేనే అతికిన, ఎవల్ని పిలువలే" అంది. ఆ పూటంతా నా మనసు హాయిగా ఉంది.

ఆమె మందు ఎగ్గొట్టే మొండి మనిషి కాదు. పని లేని రోజు ఒంటికీ సెలవే అనుకుంది, అంతే. పదకొండేళ్లలో ఒక్కసారైనా ఆమెలాంటివాళ్ల పనిదినాల గురించి అడగనిది నేను. ఇప్పుడు గోలీలు చేతికిస్తూ "ఏ దినాలు ఏస్కోరు?" అని అడుగుతాను. మొన్న ధరూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తడుముకోకుండా చెప్పాడు: "శనివారం. ఉపాసం గదా."