అక్క ముద్ద

సూర్యాపేట వడ్ల వ్యాపారి సత్తయ్యకు రుక్కమ్మ రెండో భార్య. కోదాడ నుంచి కాపురానికి వచ్చిన నాడే అత్త పిచ్చమ్మ ఆమె మెడలో పుస్తెలతో పాటు గోరంత బంగారు బిళ్ల కూడా కట్టించింది. చనిపోయిన మొదటి భార్య లింగమ్మ గుర్తు అది. దాన్ని సవతమ్మ అంటారు. కొత్త చీర కట్టేముందు దానికి చూపించాలి. పొద్దున అన్నం వండగానే మొదటి ముద్ద దానికి తాకించి, పెరటి గోడ మీద కాకికి పెట్టాలి. ఆ ముద్దను రుక్కమ్మ అక్క ముద్ద అనేది. సత్తయ్య ఇంట్లో నోరు విప్పే మనిషి కాదు కనుక, ఆమె మొగుడితో కంటే ఆ బిళ్లతోనే ఎక్కువ మాట్లాడేది.

లింగమ్మ కన్నపిల్ల సైదమ్మ. జాన్‌పహాడ్ సైదుల దర్గాకు మొక్కితే పుట్టిందని ఆ పేరు. పిల్ల పుట్టిన మూడోనాడే తల్లి పోయింది. రుక్కమ్మ ఎంత చేసినా ఆ పిల్లకు చిన్నమ్మే. పిచ్చమ్మ అలాగే నేర్పింది. పొద్దుగూకగానే ఒళ్లో కూర్చోబెట్టుకుని, "మీ అమ్మ పైకి పోయింది బిడ్డా, ఆ మబ్బులల్ల ఉన్నది" అని చూపించేది. ముసలామెది ప్రేమే, కాదనలేం. కానీ ఆ మాట విన్నప్పుడల్లా రుక్కమ్మ ఏదో పని వంకతో పిల్లను లోపలికి పిలిచేది.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటేడు సైదమ్మ గొంతులో గడ్డ లేచింది. ఊపిరికి అడ్డం పడుతోందనీ, అంతసేపు రైలు ప్రయాణం పిల్ల తట్టుకోలేదనీ, విమానంలో మద్రాసు తీసుకుపొమ్మనీ పట్నం డాక్టరు చెప్పాడు. ఉప్పూ కారం తగలకుండా మెత్తటి అన్నం పెట్టాలి, కోతకు తట్టుకునే సత్తువ ఉండాలి, ఒక్క పూట కూడా తిండి తప్పొద్దు అన్నాడు. దారిలో అలాంటి తిండి ఎవరు పెడతారు? అందుకని సద్ది ఇంటి నుంచే కట్టాలి.

విమానంలో సామాన్లే కాదు, మనుషుల్ని కూడా తూస్తారని సత్తయ్య ఎక్కడో విన్నాడు. ఆయన దేవుణ్ణయినా నమ్ముతాడో లేదో గానీ కాటాను నమ్ముతాడు. మిర్యాలగూడలో తను వడ్లు వేసే మిల్లుకు పెళ్లాన్నీ బిడ్డనూ తీసుకుపోయి, బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టి బరువు చూశాడు. హమాలీలు ముసిముసిగా నవ్వుతుంటే రుక్కమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

ప్రయాణం నాడు పొద్దున్నే పాలల్లో అన్నం మెత్తగా ఉడికించి, చల్లార్చి, చుక్క మజ్జిగతో తోడేసింది. పోయేసరికి కమ్మటి పెరుగన్నం అవుతుంది. తమ ఇద్దరికీ పులిహోర. గాలీ ధూళీ సోకకుండా ప్రతి మూటలో ఓ బొగ్గుముక్క.

"పిల్ల బువ్వల ఉప్పెయ్యలేదా?" అంది పిచ్చమ్మ.

"డాక్టరు వద్దన్నాడుగా అత్తమ్మా."

"ఉప్పులేని బువ్వ పోయినోళ్లకు పెడతరే. ఆ బువ్వకు ఆళ్లు ఎంట వస్తరు. జర జాగ్రత్త."

ఇంతలో బయట నుంచి సత్తయ్య, "బస్సొచ్చింది, ఇగ నడువుండ్రి" అని కేకేశాడు. రుక్కమ్మ మూట ముడేసి చంకన పెట్టుకుంది.

పట్నంలో బేగంపేట విమానాశ్రయంలో నిజంగానే మనుషుల్ని తూచారు. సైదమ్మ బరువు మిల్లులో ఎంతో అంతే వచ్చింది. సత్తయ్యదీ అంతే. రుక్కమ్మ ఎక్కేసరికి ముల్లు ఆగాల్సిన చోటు దాటి పోయింది. అక్కడి గుమాస్తా ఆమె చేతిలోని మూట కింద పెట్టమన్నాడు. పెట్టింది. అయినా ముల్లు కదలలేదు.

"గీ కాటా తప్పు చూపిస్తున్నది" అన్నాడు సత్తయ్య.

"మీ ఇద్దరికీ సరిగ్గానే చూపింది కదయ్యా" అని గుమాస్తా బరువు రాసుకున్నాడు. రుక్కమ్మ కాటా దిగింది. మెడలో బిళ్ల చల్లగా తగిలింది. ఆ రోజు ఎండ మాత్రం మండిపోతోంది.

విమానం లేచాక సైదమ్మ కిటికీ వదల్లేదు. రుక్కమ్మ మూటలోని మోదుగాకు పొట్లం విప్పి, ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. పిల్ల మొహం తిప్పుకుంది.

"ఒక్క ముద్ద తినవే తల్లీ. పొద్దుట్నుంచి ఏం తినలేదు."

"ఇప్పుడొద్దు చిన్నమ్మా. అమ్మ దగ్గర తింట."

"ఏ అమ్మ?"

"మా అమ్మ. మబ్బులల్లకే పోతున్నం గదా. ఆమె ఆకలితోని ఉన్నదట."

"ఎవరు చెప్పారే?"

సైదమ్మ రుక్కమ్మ మెడలోని బిళ్లకేసి చూసింది.

అప్పుడు గుర్తొచ్చింది రుక్కమ్మకు. ఇన్నేళ్లలో ఒక్కనాడూ తప్పని పని ఈ పొద్దు తప్పింది. బస్సు తొందరలో అక్క ముద్ద తీయకుండానే మూట కట్టేసింది. తల్లి వాటా పెట్టకుండా, ఉప్పులేని అన్నం పట్టుకుని, పిల్లను తీసుకుని ఆమె ఉండే చోటికే పైకి వచ్చింది. బయట మబ్బులు కిటికీని ఒరుసుకుంటూ పోతున్నాయి. పిల్ల వాటికి చెయ్యి ఊపుతోంది. ఆ పిల్లంటే తనకు ఎంత ప్రాణమో రుక్కమ్మకు అప్పుడే పూర్తిగా తెలిసింది.

మొదటి ముద్ద తీసి బిళ్లకు తాకించింది. "అక్కా, తప్పయింది. నువ్వు తిను. పిల్లను మాత్రం నాకు ఉంచు" అంది.

తాకించింది సరే, ముద్ద ఎక్కడ పెట్టాలి? ఇక్కడ గోడ లేదు, కాకి లేదు. కింద పడేస్తే అపచారం. చేతిలో ముద్ద బరువెక్కుతున్నట్టనిపించింది. చివరికి కళ్లు మూసుకుని తన నోట్లోనే పెట్టుకుంది. మెల్లగా నమిలి మింగింది.

కళ్లు తెరిచేసరికి సైదమ్మ ఆమెనే చూస్తోంది.

"అమ్మ గిట్లనే తింటది. కండ్లు మూసుకొని."

పక్క సీట్లో సత్తయ్య ఉలిక్కిపడి తల తిప్పాడు. లింగమ్మ కళ్లు మూసుకుని తినేది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మూడు రోజుల పసిగుడ్డుకు తెలిసే దారే లేదు.

"ఆకలైతున్నది అమ్మా" అంటూ పిల్ల నోరు తెరిచింది.

ఇన్నేళ్లు ఆ పిలుపు కోసం కాచుకున్న రుక్కమ్మ "ఊఁ" అంది. పలికిన గొంతు తనదనిపించలేదు. అయినా పిల్ల తింటోంది. భయపడే తీరిక లేదు. ఆకు ఖాళీ అయ్యేదాకా ముద్దలు పెడుతూనే ఉంది.

మద్రాసులో గడ్డ తీసేశారు. పిల్ల కోలుకుంది. తిరుగు ప్రయాణానికి అక్కడా కాటా మీద నిలబెట్టారు. సైదమ్మ కొంచెం ఒళ్లు చేసింది. రుక్కమ్మ దగ్గర మాత్రం ముల్లు బేగంపేటలో ఎక్కడ ఆగిందో ఇక్కడా అక్కడే ఆగింది.

సత్తయ్య ముల్లు వంకా, భార్య వంకా చూశాడు. ఈసారి కాటా తప్పని అనలేదు. ఆమె దిగుతుంటే చెయ్యి అందించి, పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి, "తిన్నవా?" అని అడిగాడు.

"తిన్నాం" అంది రుక్కమ్మ.