పేరు కొట్టించని గ్లాసు

లింగంపల్లి స్టీలు సామాను దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొట్టే చిన్న యంత్రం మోగుతుంటే పళ్ళు జిల్లుమంటాయి. నిన్న సాయంత్రం ఆ చప్పుడు వింటూ కౌంటరు దగ్గర నిలబడ్డాను. నా ముందున్న పెద్దాయన ఒక పళ్ళెం మీద తన పేరు, భార్య పేరు, ఊరి పేరు, చివరికి తన ఉద్యోగం కూడా కొట్టిస్తున్నాడు. ఆ పళ్ళెంలో ఇక అన్నం పెట్టుకోవడానికి చోటు మిగులుతుందా అని నాకు అనుమానం వచ్చింది. నా వంతు వచ్చేదాకా ఊరికే ఉండలేక పక్కనున్న గ్లాసు తీసి, అంచు కింద చుక్కలు చుక్కలుగా ఉన్న అక్షరాలను వేలితో తడిమాను. అంతే, సుగుణమ్మగారు కళ్ళముందుకొచ్చారు. ఆవిడ కూడా అంతే. గ్లాసు చేతికి రాగానే ముందు వేలితో తడిమేవారు, నీళ్ళు ఆ తరువాతే తాగేవారు.

సుగుణమ్మగారు మా వైపు మున్సిపల్ ఆఫీసులో పనిచేసేవారు. పింఛనుకో, ప్రభుత్వం ఇచ్చే రెండు పడకగదుల ఇంటికో దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి విచారణ చేయడం ఆవిడ పని. కాకినాడ వైపు మనిషి. నేత చీర, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు, భుజాన గొడుగు, చంకలో ఆఫీసువాళ్ళిచ్చిన ట్యాబు. చీర కింద ఆ బూట్లు చూసి మా బస్తీలో పిల్లలు నవ్వితే, "మీ సందుల్లో తిరగడానికి ఇవే సరైనవి నాన్నా, మీరూ కొనుక్కోండి" అనేవారు. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మంలోనే మంచినీళ్ళు అడిగేవారు. నీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టుకునేవారు కాదు. టీ వద్దు, బిస్కెట్ వద్దు, పండు అసలే వద్దు.

అప్పుడు మేము పుప్పాలగూడలో ఉండేవాళ్ళం. పెద్ద పెద్ద టవర్ల వెనక పాత ఊరు ఇంకా కాస్త మిగిలి ఉంది, అందులో ఒక గది మా కిరాయి ఇల్లు. నాన్న పోయాక అమ్మ ఒక ఐటీ కంపెనీలో హౌస్ కీపింగ్ పనికి కుదిరింది. నేను డిగ్రీ చదువుతున్నాను. మేము అద్దెకు దిగిన ఇల్లల్లా ఏదో ఒక రోజు బిల్డరు చేతికి వెళ్ళేది, మేము మూటాముల్లె సర్దుకుని పక్క సందుకు మారేవాళ్ళం. ఆ ఏడాది పక్క సందు కూడా అయిపోయింది. వర్షాలు మొదలయ్యేలోగా ఖాళీ చేయమని ఓనరు చెప్పేశాడు. ఊళ్ళో ఇక మాకు అందే కిరాయిలు లేవు. ఇల్లు రాకపోతే అమ్మ పని వదులుకోవాలి, నేను చదువు వదులుకోవాలి. అలాంటి సమయంలో, మరునాడు విచారణకు ఆఫీసరమ్మ వస్తున్నారని కబురొచ్చింది.

ఆ కబురు విన్నాక మా అమ్మ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు. మా అమ్మ పేరు యాదమ్మ. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, ఆమెకు పూనకం వస్తుంది. పక్కింటి బాలమణి అత్త ఫ్రిజ్‌ను నలుగురు మగవాళ్ళ చేత మోయించి మా గదిలో పెట్టించింది. టెంట్ హౌస్ నుంచి ఎర్ర కుర్చీలు తెప్పించింది. నాలుగు ఇళ్ళు తిరిగి తళతళలాడే గ్లాసులు, ట్రే, పళ్ళాలు పోగేసింది. "ఇవన్నీ ఎందుకే అమ్మా?" అంటే కస్సుమంది.

"ఆఫీసరమ్మ ఇంటికొస్తే ఖాళీ ఇల్లు చూపిస్తమా? ఇజ్జత్ ఉంటదా మనకు? ఎండలో వస్తది, సల్లటి నీళ్ళన్న ఇయ్యద్దా?"

ఇల్లు లేదని దరఖాస్తు పెట్టుకున్న మనిషి ఇంటిని పెళ్ళి విడిదిలా తయారుచేసింది. గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు. ఫ్రిజ్ పెట్టాలంటే ఫ్యాను తీసేయాలి. ఫ్యాను తీసేశాం.

సుగుణమ్మగారు చెమటలు కక్కుతూ వచ్చారు. ఎర్ర కుర్చీలో కూర్చుని ఆగిపోయిన ఫ్యాను వంక, గుర్రుమంటున్న ఫ్రిజ్ వంక చూశారు. అమ్మ గర్వంగా చల్లటి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆవిడ గ్లాసును వేలితో తడిమి చదివారు.

"బాలమణి అని ఉంది. మీ పేరు యాదమ్మ కదండీ?"

"బాలమణి మా ఆడబిడ్డ మేడం" అంది అమ్మ, రెప్ప వేయకుండా.

"ట్రే మీద కొమురయ్య అని ఉందండి."

"ఆయన... మా ఆడబిడ్డ పెనిమిటి."

"మరి ఈ పళ్ళెం మీద ఫాతిమా అని ఉందేంటండీ?"

అమ్మ దగ్గర ఇక చుట్టాలు మిగల్లేదు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి బాలమణి అత్త తల లోపలికి పెట్టింది. "యాదమ్మా, మాటల నడుమ వచ్చిన, ఏమనుకోకు. జర నా ఫ్రిజ్ల కెల్లి పాల ప్యాకెట్ తీసియ్యి, మనవడు ఏడుస్తుండు" అంది.

సుగుణమ్మగారు ముందుగా నవ్వారు. చిన్న నవ్వు కాదు, కుర్చీ కదిలిపోయేలా నవ్వారు. బాలమణి అత్త తనూ నవ్వింది, నాకూ ఆగలేదు. అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. సుగుణమ్మగారు ట్యాబు పక్కన పెట్టేసి అమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు.

"ఈ ట్యాబు నన్ను ఫ్రిజ్ ఉందా, కుర్చీలున్నాయా అని అడుగుతుందండి. కళ్ళతో చూసింది రాస్తే మీరు ధనవంతులైపోతారు, ఇల్లు రాదు. లేదు అని చెప్పడానికి అంత సిగ్గెందుకండీ?"

"అడుక్కున్నట్టు ఉంటది మేడం" అంది అమ్మ.

"సబ్బు కొన్నా, ఫోన్ రీఛార్జ్ చేయించుకున్నా మీరు పన్ను కడుతున్నారు యాదమ్మగారూ. ఆ ఇళ్ళ గోడల్లో మీ రూపాయి కూడా ఉంది. నేనిచ్చేదీ కాదు, ఇంకెవరో జేబులోంచి తీసి ఇచ్చేదీ కాదు. మీకు రావలసినది వస్తుందో లేదో చూడటానికి వచ్చాను, అంతే. ఇవాళ నేను రాలేదనుకోండి. రేపు మళ్ళీ వస్తాను. మీ గ్లాసులో నీళ్ళివ్వండి చాలు."

మరునాడు గదిలో మా సామాను మాత్రమే ఉంది, ఫ్యాను తిరుగుతోంది. అమ్మ కుండలో నీళ్ళు ముంచి, ఒక పక్క సొట్టపడిన మా గ్లాసులో ఇచ్చింది. సుగుణమ్మగారు అలవాటుగా అంచు తడిమారు. నున్నగా ఉంది, అక్షరం లేదు.

"దీని మీద పేరు కొట్టించలేదేంటండీ?"

"కిరాయిల ఇంట్ల ఏం పేరు మేడం? సొంతిల్లు అయినంక కొట్టిస్త అనుకున్న."

ఆవిడ నీళ్ళన్నీ తాగి, ఇంకో గ్లాసు అడిగి అదీ తాగారు. అప్పుడు ట్యాబు తెరిచారు.

వెళ్ళేటప్పుడు నన్ను పిలిచి, ఫోనుకు వచ్చే ఇంగ్లీషు మెసేజీలు చదవగలవా అని అడిగారు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు ఆఫీసు నుంచి మెసేజీలు వస్తాయి. అవి అర్థం కాక, ఇల్లు వచ్చిందనుకుని స్వీట్లు పంచినవాళ్ళు ఉన్నారు, పింఛను పోయిందనుకుని అన్నం మానేసినవాళ్ళూ ఉన్నారు. వాటిని చదివి చెప్పే మనిషి ఆఫీసు కౌంటరులో కావాలి. సెలవుల్లో ఆ పనికి చేరాను. మొదటి రోజే ఆవిడ చెప్పిన షరతు ఒకటే. "మీ అమ్మగారి దరఖాస్తు వైపు నువ్వు చూడకూడదు. నేనూ నీతో దాని గురించి మాట్లాడను." మాట్లాడలేదు కూడా. నేను ఎన్నిసార్లు దీనంగా ముఖం పెట్టినా, "ఎండ ఎక్కువగా ఉంది కదూ" అని మాట మార్చేసేవారు.

ఆ కౌంటరులో నేను నేర్చుకున్నది ఏ కాలేజీలోనూ నేర్పరు. ఆవిడ తన బల్లకు అవతల కుర్చీ వేసేవారు కాదు, తన పక్కనే వేసేవారు. ఇంట్లో లేమి గురించి మనిషి పది మంది వినేలా చెప్పడు, పక్కన కూర్చుంటే చెవిలో చెబుతాడు. నీళ్ళు ఎందుకు అడుగుతారని ఒకసారి అడిగాను. "గుమ్మం బయట నిలబడితే నేను ఆఫీసర్ని. నీళ్ళడిగితే చుట్టాన్ని. చుట్టాన్ని ఎవరూ బయట నిలబెట్టి మాట్లాడరు కదా" అన్నారు. "పైగా దాహం కూడా వేస్తుందనుకో" అని నవ్వారు.

ఒక రోజు మల్లయ్య తాత వచ్చాడు. జీవితమంతా రాళ్ళూ సిమెంటూ మోసిన మనిషి. వృద్ధాప్య పింఛను కోసం వేలిముద్ర వేయాలి, యంత్రం మాత్రం ఒప్పుకోవడం లేదు. వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. "నేను నేను కాదంటది మేడం గీ మిషిను" అని ఆయన గోడు వెళ్ళబోసుకున్నాడు.

"మీ ముద్రలన్నీ ఎదురుగా ఉన్న ఆ టవర్లకు వేసి వచ్చారు. ఇక్కడికేం మిగులుతాయండీ?" అన్నారు సుగుణమ్మగారు. తన సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి ఆయన చేతులకు తనే రాశారు, తుడిచారు, ఒక్కో వేలూ పెట్టించారు. బొటనవేలు కాదంది. చూపుడువేలు కాదంది. వెనక వరుసలో ఉన్నవాళ్ళు పనులు మరిచి క్రికెట్ మ్యాచ్ చూస్తున్నట్టు మెడలు సాచారు. ఎడమచేతి చిటికెనవేలు పెట్టగానే పచ్చదీపం వెలిగింది. ఆఫీసంతా చప్పట్లు. మల్లయ్య తాత ఆ చిటికెనవేలిని పైకెత్తి అందరికీ చూపిస్తూ, "గిదొక్కటి పని చెయ్యలే జిందగీల, అందుకే మిగిలింది" అన్నాడు. సుగుణమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ రోజే నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది, ఆ మాట ఇక్కడ సూటిగానే రాస్తున్నాను.

ఇళ్ళ కేటాయింపు ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. అర్హులందరి పేర్లతో డ్రా తీస్తారు. అమ్మ పేరు అర్హుల్లో ఉందని మాకు అప్పుడే తెలిసింది, అర్హులకన్నా ఇళ్ళు తక్కువని కూడా అప్పుడే తెలిసింది. బయట మబ్బులు కమ్ముకున్నాయి. ఆ వారమే మేము గది ఖాళీ చేయాలి. తెర మీద పేర్లు వస్తున్నాయి, పోతున్నాయి. అమ్మ నా చేయి పట్టుకుని కూర్చుంది, ఆమె గోళ్ళు నా చర్మంలో దిగుతున్నాయి. చివరి వరుస పేర్లలో యాదమ్మ అని, కింద నాన్న పేరుతో సహా వచ్చింది. నేను ఎగిరి అరిచాను. అమ్మ లేవలేదు.

"ఇంకో యాదమ్మ గిట్ల ఉన్నదేమో చూడు బిడ్డా. మనది కాంది మనం తీసుకోవద్దు" అంది.

హాలు చివర గోడకానుకుని నిలబడిన సుగుణమ్మగారి వైపు చూశాను. అప్పటిదాకా ఎండ గురించి తప్ప మాట్లాడని మనిషి, గొడుగు పైకెత్తి గాలిలో ఊపారు. అప్పుడు లేచింది మా అమ్మ.

ఇల్లు నగరం చివర వచ్చింది. అమ్మ పనికి వెళ్ళాలంటే బస్సులు మారాలి, మొదట్లో నీళ్ళు సరిగ్గా వచ్చేవి కావు, లిఫ్టు దాని ఇష్టం వచ్చినప్పుడు నడిచేది. అయినా ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళిన రోజు మా అమ్మ గోడలను చేత్తో నిమురుతూ తిరిగిన తిరుగుడు నేను మరువలేను. పాలు పొంగించిన రోజున సుగుణమ్మగారు వచ్చారు. బూట్లు గుమ్మం బయట విప్పి, పులిహోర రెండుసార్లు వేయించుకుని తిన్నారు. "ఇన్నాళ్ళు టీ కూడా తాగలేదు గద మేడం" అని అమ్మ ఆటపట్టించింది.

"ఇన్నాళ్ళూ మీరు దరఖాస్తుదారండీ. ఇప్పుడు ఇంటావిడ. ఆ బూరెలు ఇటివ్వండి."

తిన్నాక సంచిలోంచి ఒక పెట్టె తీసి ఇచ్చారు. అరడజను స్టీలు గ్లాసులు. ప్రతి గ్లాసు మీదా యాదమ్మ అని ఉంది. కానుక మీద ఇచ్చినవాళ్ళ పేరు కొట్టించడం మన ఆచారం కదా, అమ్మ గ్లాసులన్నీ తిప్పి తిప్పి చూసింది. "మీ పేరేది మేడం?" అని అడిగింది.

"ఇల్లు మీదండి. నా పేరెందుకు?"

అమ్మ లోపలికి వెళ్ళి, అందులో ఒక గ్లాసు కడిగి నీళ్ళు తెచ్చింది. సుగుణమ్మగారు వేలితో తడిమారు. "యాదమ్మ" అని పైకి చదివారు. "ఈవిడెవరండీ, మీ ఆడబిడ్డా?" అన్నారు. బాలమణి అత్త నవ్వి నవ్వి పొలమారింది.

ఆవిడ రిటైరయ్యారు. వాళ్ళ అక్కగారితో కలిసి లింగంపల్లిలోనే ఉంటున్నారు, నేను వెళ్తే ఇప్పటికీ ఎండ గురించే మొదలుపెడతారు. నేను ఆ కౌంటరు వదల్లేదు, చదువయ్యాక ఆ ఆఫీసులోనే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇప్పుడు విచారణలకు వెళ్ళేది నేనే, గుమ్మంలో మంచినీళ్ళు అడిగేది నేనే. సంచిలో కొబ్బరినూనె సీసా ఉంటుంది. మా ఇంట్లో మాత్రం ఏ గిన్నె మీదా, ఏ గ్లాసు మీదా సుగుణమ్మగారి పేరు లేదు. అందుకే ఇక్కడ ఇన్నిసార్లు రాశాను.

నిన్న దుకాణంలో నా వంతు వచ్చింది. నేను విచారణ చేసినవాళ్ళలో ఇంటి పట్టా అందుకున్న లచ్చవ్వకు ఈ ఆదివారం గృహప్రవేశం. అరడజను గ్లాసులు ఎంచుకుని, లచ్చవ్వ అని కొట్టమన్నాను. దుకాణదారు యంత్రం ఆపి తలెత్తాడు.

"ఇచ్చేటోళ్ళ పేరు ఏం కొట్టాలె మేడం?"

"ఆమె పేరే కొట్టు అన్నా" అన్నాను. "ఇల్లు ఆమెది."