ఒక్క ఓటైనా పడాలి కదా

అధ్యక్ష పదవికి నిలబడినవాళ్ళు ఎందుకు ఓడిపోతారో టీవీలో పెద్దపెద్దవాళ్ళు గంటలకొద్దీ చర్చిస్తుంటారు. అమెరికా ఎన్నికలప్పుడైతే మరీనూ. ఇద్దరి పోటీలో మూడో మనిషికి పడిన ఓట్లే కొంప ముంచాయని లెక్కలు చూపిస్తారు. ఆసుపత్రి క్యాంటీన్‌లో టీ తాగుతూ అవి చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నన్ను పిలిస్తే ఒక్క నిమిషంలో చెప్పేదాన్ని. నా కొంప నేనే ముంచుకున్నాను.

మస్కట్‌లోని రూవిలో మా తెలుగు ఆరాధనకు వచ్చే ఆడవాళ్ళకు స్త్రీల సమాజం ఉంది. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ప్రతి శుక్రవారం పొద్దున ఆరాధన అయ్యాక కూడుకుంటాం. ఆ పొద్దుటి కూడిక నాలాంటి నర్సుల ప్రాణం తీసేది. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే మళ్ళీ తెరుస్తామన్న నమ్మకం లేదు. ఒకసారి అందరూ ఆమెన్ అన్నాక కూడా నేను తల వంచుకునే ఉన్నాను. ఎంత భక్తో అని మెచ్చుకున్నారు. ఎలాగైనా అధ్యక్షురాలినై కూడికను సాయంత్రానికి మార్చాలని ఆ రోజే పంతం పట్టాను.

నాకు పోటీగా ఒక ఇంజనీరుగారి భార్య నిలబడింది. ఆవిడా సాయంత్రమే అంది. పైగా వానాకాలంలో కొండలన్నీ పచ్చబడే సలాలాకు అందర్నీ తీసుకెళ్తానంది. నేను ఊరుకుంటానా, గోంగూర పచ్చడి సీసాలు పంచాను. మూడో పేరు అజైబాలో ఒక ఇంట్లో పనిచేసే కోనసీమ ఆవిడది. ఎనిమిదేళ్ళుగా వెనక వరసలో కూర్చుని, అందరికంటే ముందు వెళ్ళిపోయే మనిషి. ఆవిడ ఏ హామీ ఇవ్వలేదు. ఎందుకు నిలబడిందో నేను అడగనూ లేదు.

మాలో ఒక మర్యాద ఉంది. ఎవరి పేరు వాళ్ళు రాసుకోకూడదు, అది గర్వం కిందికి వస్తుంది. మరి నా ఓటు ఎవరికి? ఇంజనీరుగారి భార్యకు వేసేంత భక్తి నాలో లేదు. పాపం, వెనక వరస ఆవిడకు ఒక్క ఓటైనా పడకపోతే బాగుండదని ఆవిడ పేరు రాశాను.

పాస్టరమ్మగారు చీటీలు విప్పి చదివారు. ఇంజనీరుగారి భార్యకు ఎనిమిది, నాకు పది, ఆవిడకు పదకొండు. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం. పాపం ఒక్క ఓటైనా పడాలి కదా అనుకున్నది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది.

నవ్వానే గానీ కడుపు మండిపోయింది. తేడా ఒక్క ఓటు, అదీ నాది. ఆవిడ దగ్గరికి వెళ్ళి, "అసలు మీరెందుకు నిలబడ్డారక్కా?" అన్నాను.

"సాయంత్రానికి మార్చేత్తే మాకు కుదరదండి సిస్టరుగారు. మా మేడం శుక్రారం రెండింటికల్లా ఇంట్లో ఉండాలంటాది. నాలాటోళ్ళం నలుగురం ఉన్నాం. వారానికోసారి మేం నోరారా తెలుగు మాట్టాడేది ఇక్కడే గదండీ."

నాకు సిగ్గేసింది. ఎనిమిదేళ్ళలో ఆవిడ త్వరగా ఎందుకు వెళ్ళిపోతుందో నేను ఒక్కసారీ అడగలేదు.

తర్వాతి శుక్రవారం డ్యూటీ దిగి ఆవులించుకుంటూ వెళ్ళాను. హాలు వెనక గోడవారన నాలుగు చాపలు పరిచి, దిళ్ళు వేసి ఉన్నాయి. కొత్త అధ్యక్షురాలు మా నర్సులను చేయి పట్టుకుని అటు నడిపించింది.

"పడుకోండి. దేవుడేం అనుకోడండి. పాటలప్పుడు లేపుతాన్లెండి" అంది.

నాకు మెలకువ వచ్చేసరికి పాటలూ అయ్యాయి, ప్రార్థనా అయ్యింది. పక్కన కొబ్బరన్నం ప్లేటు మూత పెట్టి ఉంది. ఒంటిగంట దాటడంతో ఆవిడ గబగబా బయటికి నడుస్తోంది.

"లేపుతానన్నారుగా" అన్నాను.

"లేపానండి. తమరే లేవలేదు" అంది నవ్వుతూ.

ఒమాన్ వచ్చాక అంత కమ్మటి నిద్ర నాకెప్పుడూ పట్టలేదు. కొబ్బరన్నం తింటుంటే, జాలిపడి వేసిన ఆ ఓటును తెలిసి వేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.