ఆండాలు తూచిన పిల్లలు

ఆండాలుది తుంగతుర్తి దగ్గర మగ్గం నేసే ఇల్లు. పెళ్లయిన మూడేళ్లకే భర్త క్షయతో పోయాడు. ఏడో తరగతి చదువు చూపించి ఆమె సూర్యాపేటలో మంత్రసాని నర్సు శిక్షణలో చేరింది. రెండేళ్లలో కాన్పు చేయడం, సూది వేయడం, పసిపిల్లను తూచి పట్టికలో రాయడం నేర్చుకుంది. ఆమె తూచిందంటే మళ్లీ చూడక్కర్లేదని పేరు పడింది. అందుకే 1970లో ఒక వైద్య కళాశాల వాళ్లు మిర్యాలగూడ వైపు పిల్లల ఎదుగుదల మీద పరిశోధన మొదలుపెట్టినప్పుడు ముందుగా ఆమెనే అడిగారు.

పరిశోధన రెండు తండాల్లో. త్రిపురారం వైపు తండాలో అయిదేళ్ల లోపు పిల్లలకు రోజూ శనగ, వేరుశనగ, బెల్లం కలిపిన పిండి ఇస్తారు. నిడమనూరు వైపు తండాలో ఏమీ ఇవ్వరు. రెండుచోట్లా నెలనెలా తూస్తారు, రెండేళ్ల తర్వాత తేడా చూస్తారు. ఆండాలు రెండింటికీ తిరిగేది.

నిడమనూరు వైపు తండాలో జమ్లీ అనే కూలి మనిషి ఉండేది. ఆమె కూతురు మంగ్లీకి ఏడాదిన్నర. మొదటిసారి తూచినప్పుడు ఏడున్నర కిలోలు. మూడో నెలకు ఏడు. అయిదో నెలకు ఆరున్నర.

"మా ఆడబిడ్డ తండాల పిండి ఇస్తున్నరంట గదక్కా. మాకెందుకియ్యరు?" అని అడిగింది జమ్లీ.

"గీడ తూకం ఒక్కటే జమ్లీ. నువ్వైతే పిల్లను మిర్యాలగూడ దవాఖానకు తీస్కపో."

జమ్లీ ఒకరోజు కూలి మానుకుని తీసుకుపోయింది. టానిక్ సీసా ఇచ్చి పంపారు.

పరిశోధన చూసే డాక్టరు దేవసహాయానికి ఆండాలు ఈ సంగతి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. మంగ్లీ పట్టికను చాలాసేపు చూశాడు.

"ఈ పాపకిస్తే రేపు ఇంకో పాపకు ఇవ్వాలి. అప్పుడు పిండి పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుందమ్మా? రుజువైతే ప్రభుత్వమే అన్ని తండాలకూ ఇస్తుంది. కొంచెం ఓర్చుకోండి."

ఆమె ఓర్చుకుంది. మరుసటి నెల త్రిపురారం వైపు నుంచి వస్తూ, సంచిలో మిగిలిన పిండి ఉండగానే, జమ్లీ గుడిసె ముందు మంగ్లీని తూచింది. ఆరు కిలోలు. పిల్ల ఏడవడం కూడా మానేసింది. వరికోతలప్పుడు విరేచనాలు పట్టుకుని రెండో రోజుకే పోయింది.

ఆ తర్వాతి తూకం రోజున జమ్లీ ఒట్టి చేతులతో త్రాసు దగ్గరకు వచ్చింది.

"కాయితంల ఏం రాసినవక్కా?"

"సచ్చిపోయిందని రాసిన."

"ఎందుకు సచ్చిందో రాసినవా?"

"విరేచనాలని రాసిన."

జమ్లీ ఆమె ముఖంలోకి చూసింది. "ఆకలని రాయలే" అంది.

ఆ నెల నుంచే ఆండాలు పిండి దాచి తేవడం మొదలుపెట్టింది. త్రిపురారం వైపు మిగిలిన పిండినీ, ఊరెళ్లిన పిల్లల వాటానూ సంచిలో పోసుకుని జమ్లీ వాళ్ల తండాలో పంచేది. ఎవరికీ చెప్పొద్దని తల్లుల చేత ఒట్టు వేయించుకుంది. నాలుగు నెలల్లో పిల్లల జబ్బలకు కండ పట్టింది. తూకాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాసింది. దొంగ తూకం రాయడం ఆమెకు చేతకాలేదు. ఆ అంకెలు చూసి దేవసహాయం పిలిపించాడు.

"పిండి ఇచ్చారా?"

"ఇచ్చిన సార్."

ఆయన కోప్పడలేదు. అలసిపోయినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇక ఈ కాగితాలు దేనికీ పనికిరావమ్మా. పిండి పనిచేస్తుందని మనం ఎవరికీ చెప్పలేం. ఎన్ని వందల తండాలకు వచ్చేదో ఆలోచించారా?"

పరిశోధన ఆగిపోయింది. త్రిపురారం వైపు తండాలో కూడా పిండి ఆగిపోయింది.

ఆ మాట చెప్పడానికి ఆండాలు చివరిసారి నిడమనూరు వైపు వెళ్లింది. తల్లులు గిన్నెలు పట్టుకుని వచ్చారు. విని, ఒకరొకరే వెనక్కి పోయారు. జమ్లీ మాత్రం నిలబడింది.

"ఇగ రావా?"

"రాను."

"తూకం గూడ ఎయ్యరా?"

"ఎయ్యరు."

జమ్లీ కొంగు బిగించి కలుపు తీయడానికి పోయింది.

ఆండాలును కోదాడకు మార్చారు. అక్కడ శిక్షణకు వచ్చిన ఆడవాళ్లకు పిల్లలను తూచడం నేర్పేది. ఒకసారి ఒకామె, "తూకం తగ్గితే ఏం చెయ్యాలి మేడం?" అని అడిగింది. డాక్టరుకు చెప్పమంది ఆండాలు. "డాక్టరుగారు పిల్లకు ఏమీ ఇవ్వొద్దంటే?" అని ఆమె మళ్లీ అడిగితే, ఆండాలు త్రాసు కింద పెట్టి బయటికి వెళ్లి వరండాలో కూర్చుంది. ఆ రోజు మళ్లీ పాఠం చెప్పలేదు.